ఆకాశవాణి విన్న ఇంజనీరు - కార్ల్ జాన్‌స్కీ

ప్రవేశిక

తాను వెతకని దానిని కనుగొని, కనుగొన్న దానిని వెన్నంటి సాగే అవకాశం లభించక, నలభై నాలుగేళ్ళకే కన్నుమూసిన ఒక ఇంజనీరు జీవితగాథ ఇది. నేడు ప్రపంచమంతటా విస్తరించిన రేడియో ఖగోళశాస్త్రానికి ఆయన పరిశోధనే పునాది. పనిలో నిజాయితీ, పరిశీలనలో ఓర్పు, చిన్న తేడాను కూడా విస్మరించని దృష్టి శాస్త్రజ్ఞుడికి ఎంత అవసరమో ఈ పాఠం ద్వారా తెలుసుకుందాం.

పాఠం

మన పురాణాలలో ఆకాశవాణికి ఒక విశిష్ట స్థానం ఉంది. చెల్లెలిని, బావను రథంపై కూర్చుండబెట్టుకొని స్వయంగా పగ్గాలు పట్టిన కంసుడికి రానున్న ముప్పును తెలిపింది ఆకాశవాణే. మన తర్కశాస్త్రం కూడా శబ్దాన్ని ఆకాశపు గుణంగా పరిగణించింది. కాలక్రమంలో మనం మన రేడియో ప్రసార సంస్థకు ఆ పేరే పెట్టుకున్నాం. అయితే పురాణాలలోని ఆకాశవాణి కవుల కల్పన. రేడియోలోని ఆకాశవాణి మనుషులు పంపిన పలుకు. ఈ రెండూ కాక, నక్షత్రలోకం నుండే వెలువడే ఒక ఘోషను పరికరంతో ఆలకించి, దాని రాకను కాగితం మీద గీతగా గీయించి, అది ఎక్కడి నుండి వస్తున్నదో మొట్టమొదట నిరూపించినవాడు కార్ల్ గూథె జాన్‌స్కీ.

జాన్‌స్కీ 1905 అక్టోబరు 22న అమెరికాలో, అప్పటికింకా రాష్ట్ర ప్రతిపత్తి పొందని ఓక్లహోమా ప్రాంతంలోని నార్మన్ పట్టణంలో జన్మించాడు. ఆయన పూర్వులు చెక్ దేశం నుండి వలస వచ్చినవారు. తండ్రి సిరిల్ జాన్‌స్కీ ఇంజనీరింగ్ అధ్యాపకుడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో తనకు మార్గదర్శకుడైన కార్ల్ గూథె అనే ఆచార్యుడిపై గల గౌరవంతో ఆయన పేరునే కుమారుడికి పెట్టుకున్నాడు. గురువు పేరు బిడ్డకు పెట్టుకొనే ఆచారం ఉన్న మనకు ఆ తండ్రి మనసు సులభంగానే అర్థమవుతుంది. తరువాత ఆ కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో స్థిరపడింది. కార్ల్ కంటే పదేళ్ళు పెద్దవాడైన అన్న మొరో, రేడియో ప్రసారాల తొలినాళ్ళలోనే పేరు పొందిన ఇంజనీరు. తండ్రి పాఠాలు, అన్న ప్రయోగాలు ఆ ఇంటి వాతావరణాన్ని ఒక విద్యాలయంగా మార్చాయి.

కార్ల్ విద్యాభ్యాసం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సాగింది. భౌతికశాస్త్రం ప్రధాన విషయంగా 1927లో పట్టభద్రుడయ్యాడు. ఆటలలోనూ ఆయన వెనుకబడలేదు. విశ్వవిద్యాలయపు ఐస్ హాకీ జట్టులో ఆడాడు. టేబుల్ టెన్నిస్‌లో చక్కని నేర్పు గడించాడు. కాని ఆ చదువుకొనే రోజులలోనే మూత్రపిండాలకు సంబంధించిన బ్రైట్స్ వ్యాధి ఆయనను పట్టుకుంది. ఆ కాలంలో దానికి సరైన చికిత్స లేదు. జీవితాంతం ఆ వ్యాధిని వెంటబెట్టుకొనే ఆయన పనిచేయవలసి వచ్చింది.

1928లో ఆయన బెల్ టెలిఫోన్ లాబొరేటరీస్ అనే ప్రసిద్ధ పరిశోధన సంస్థలో ఉద్యోగం కోరాడు. అనారోగ్యం ఉన్నవాడిని చేర్చుకోవడానికి సంస్థ మొదట వెనుకాడింది. అన్న మొరో కల్పించుకొని తమ్ముడి ప్రతిభను అధికారులకు వివరించిన మీదట ఉద్యోగం లభించింది. మహానగరమైన న్యూయార్క్‌లో కాక, ప్రశాంతమైన న్యూజెర్సీ పల్లెప్రాంతంలోని క్లిఫ్‌వుడ్ కేంద్రానికి ఆయనను పంపారు. అనారోగ్యం దృష్ట్యా తీసుకొన్న ఈ నిర్ణయమే ఆయనను విశాలమైన మైదానానికి, నిశ్శబ్దమైన ఆకాశానికి చేరువ చేసింది.

ఆ రోజులలో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున టెలిఫోను తీగలు లేవు. న్యూయార్క్, లండన్ నగరాల మధ్య 1927లో ప్రారంభమైన టెలిఫోను సౌకర్యం రేడియో తరంగాల ద్వారానే నడిచేది. మూడు నిమిషాల సంభాషణకు 75 డాలర్లు చెల్లించవలసి వచ్చేది. అంత ధర పెట్టి మాట్లాడేవారికి మాటల నడుమ గరగరమనే రొద వినిపించేది. హ్రస్వ తరంగాలను కూడా ఈ సేవకు వినియోగించడం మొదలుపెట్టిన తరువాత, ఆ రొద ఎక్కడి నుండి వస్తున్నదో, ఏ దిక్కు నుండి ఎక్కువగా వస్తున్నదో తెలుసుకోవలసిన అవసరం సంస్థకు కలిగింది. దిక్కు తెలిస్తే, ఆ దిక్కుకు చెవి ఒగ్గని విధంగా యాంటెన్నాలను నిర్మించవచ్చు. హెరాల్డ్ ఫ్రీస్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో ఈ బాధ్యతను ఇరవై మూడేళ్ళ జాన్‌స్కీకి అప్పగించారు.

రొద మూలాన్ని పట్టుకోవాలంటే రెండు సాధనాలు కావాలి. మొదటిది దిక్కును గుర్తించగల యాంటెన్నా, రెండవది తనంతట తాను రొద చేయని రిసీవరు. జాన్‌స్కీ ఈ రెండింటినీ నిర్మించుకున్నాడు. 1930 నాటికి పరిశోధన కేంద్రం హోమ్‌డెల్ గ్రామానికి మారింది. పూర్వం బంగాళాదుంపలు పండించిన ఆ పొలంలో సుమారు 30 మీటర్ల పొడవు, 6 మీటర్ల ఎత్తు గల యాంటెన్నా వెలసింది. కొయ్య చట్రానికి ఇత్తడి గొట్టాలను రెండు వరుసలుగా బిగించారు. ఆ చట్రాన్ని ఫోర్డు మోడల్-టి కారు చక్రాలు నాలుగింటిపై నిలిపారు. ఒక మోటారు దానిని వృత్తాకార మార్గంలో ఇరవై నిమిషాలకు ఒక చుట్టు చొప్పున తిప్పేది. అది తిరిగే తీరు చూసి తోటి ఉద్యోగులు దానికి జాన్‌స్కీ రంగులరాట్నమని ముద్దుపేరు పెట్టారు.

ఈ యాంటెన్నా పనిచేసే విధానం మనకు పరిచితమైనదే. తిరునాళ్ళలో రథం తాడును వందమంది పట్టుకొని తలా ఒకసారి లాగితే రథం కదలదు. అందరూ ఒక్క ఊపున లాగితే కదులుతుంది. యాంటెన్నా వరుసలోని నిలువు గొట్టాలు కూడా అంతే. ఎదురుగా వచ్చే తరంగం అన్ని గొట్టాలనూ ఒకే క్షణంలో తాకుతుంది. అప్పుడు వాటిలో పుట్టే విద్యుత్తులు ఒకదానికొకటి తోడై బలపడతాయి. పక్క నుండి వచ్చే తరంగం ఒక్కొక్క గొట్టాన్ని ఒక్కొక్క క్షణంలో తాకుతుంది కనుక ఆ విద్యుత్తులు పరస్పరం రద్దవుతాయి. రెండవ వరుస అద్దంలా పనిచేసి, వెనుక నుండి వచ్చే తరంగాలను అడ్డుకుంటుంది. ఇలా అనేక యాంటెన్నాలను ఒక శ్రేణిగా కూర్చి ఒకే దిక్కుకు చెవి ఒగ్గేలా చేయడం నేటి మహా రేడియో దూరదర్శినుల నిర్మాణంలోనూ మూలసూత్రమే.

రిసీవరు విషయంలో జాన్‌స్కీ మరింత జాగ్రత్త వహించాడు. ఏ రిసీవరులోనైనా ఎలక్ట్రాన్ల కదలిక వల్ల సన్నని రొద సహజంగా పుడుతుంది. వినవలసిన ధ్వని దానికంటే బలహీనమైతే, హోరుగాలిలో పిలిచిన పిలుపులా అది వినిపించకుండా పోతుంది. అందుచేత ఆయన లోపలి రొద అతి తక్కువగా ఉండే రిసీవరును రూపొందించాడు. వచ్చిన సంకేతాన్ని మొదట తక్కువ పౌనఃపున్యానికి మార్చి, అక్కడ దాని బలం పెంచి, చివరకు కదిలే కాగితం మీద కలంతో గీత గీసేలా అమర్చాడు. ఆయన ఎంచుకొన్న పౌనఃపున్యం 20.5 మెగాహెర్ట్జ్, అంటే తరంగదైర్ఘ్యం సుమారు 14.6 మీటర్లు.

1931 నుండి క్రమబద్ధంగా సాగిన పరిశీలనలలో ఆయన మూడు రకాల రొదలను గుర్తించాడు. దగ్గరలోని ఉరుములు మెరుపుల వల్ల వచ్చేది మొదటిది. దూరప్రాంతాల తుఫానుల నుండి వచ్చేది రెండవది. మూడవది ఈ రెండింటికంటే బలహీనమైనది, నిలకడైనది. అది రిసీవరులో పుట్టే సన్నని రొదను పోలి ఉండేది. మరొకరైతే అది యంత్రలోపమని అనుకొని వదిలిపెట్టేవారు. కాని రంగులరాట్నం తిరుగుతున్నప్పుడు ప్రతి చుట్టులోనూ ఒక దిక్కుకు చేరగానే ఆ రొద హెచ్చి, ఆ దిక్కు దాటగానే తగ్గేది. యంత్రంలో పుట్టిన రొద అయితే దిక్కుతో దానికి పని ఉండదు. కనుక అది బయటి నుండే వస్తున్నదని జాన్‌స్కీ గ్రహించాడు. తనకు అప్పగించిన పనికి మొదటి రెండు రకాల వివరాలే ప్రధానమైనప్పటికీ, మూడవదానిని ఆయన విడిచిపెట్టలేదు.

1931 డిసెంబరులోను, 1932 జనవరి తొలిరోజులలోను ఆ రొద వచ్చే దిక్కు సూర్యుడున్న దిక్కుతో సరిపోయింది. సూర్యోదయ వేళ తూర్పున మొదలై, పగలంతా సూర్యుడి వెంటే జరిగి, సాయంకాలానికి పడమరకు చేరేది. దీనికి మూలం సూర్యుడేనని అనుకోవడం సహజం. జాన్‌స్కీ కూడా మొదట అలాగే అనుకున్నాడు. కాని ఆయన అక్కడితో పరిశీలన ఆపలేదు. వారాలు గడిచేకొద్దీ ఆ రొద సూర్యుడి కంటే ముందుగా రాసాగింది. నెలకు సుమారు రెండు గంటల చొప్పున ముందుకు జరిగింది. ఏడాది పూర్తయ్యేసరికి ఒక పూర్తి ఆవృత్తం ముగిసి మళ్ళీ సూర్యుడి దిక్కుకే వచ్చింది.

దీని అర్థం తెలుసుకోవడానికి ఆయనకు తోడ్పడినవాడు స్కెలెట్ అనే సహోద్యోగి. ఖగోళశాస్త్రం కూడా అభ్యసించిన స్కెలెట్ ద్వారా నక్షత్రదినాన్ని గూర్చి జాన్‌స్కీ తెలుసుకున్నాడు. ఒక నక్షత్రం ఆకాశంలో మళ్ళీ అదే చోటికి రావడానికి 24 గంటలు పట్టదు. 23 గంటల 56 నిమిషాలు చాలు. అంటే ప్రతి నక్షత్రమూ రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది. కార్తీకమాసంలో సంధ్యవేళ తూర్పున కనిపించే కృత్తికలు వైశాఖం నాటికి సూర్యుడితో పాటే ఉదయించి, సూర్యుడితో పాటే అస్తమించి కనుమరుగవడం మన రైతులకు తరతరాలుగా తెలిసిన విషయమే. జాన్‌స్కీ రొద కూడా సరిగ్గా 23 గంటల 56 నిమిషాలకు ఒకసారి మళ్ళీ వచ్చేది. అందువల్ల దాని మూలం భూమిపై లేదు, సూర్యుడూ కాదు, స్థిరనక్షత్రాల నడుమ ఉన్నదని తేలిపోయింది.

ఆయన లెక్కించిన స్థానం పాలపుంత నడిబొడ్డు ఉన్న ధనూరాశి వైపు చూపింది. తొలి పరిశీలనలలో సూర్యుడు ఎందుకు అడ్డువచ్చాడో దీనితో స్పష్టమైంది. డిసెంబరు మధ్యనుండి జనవరి మధ్యవరకు మనకు ధనుర్మాసం. అప్పుడు సూర్యుడు ధనూరాశిలో సంచరిస్తాడు. అంటే పాలపుంత కేంద్రం ఉన్న దిక్కులోనే సూర్యుడూ ఉన్నాడు. ఆ నెలలో మాత్రమే పరిశీలించి తీర్పు చెప్పి ఉంటే జాన్‌స్కీ పొరబడేవాడు. ఏడాది పొడవునా ఓర్పుతో ఎదురుచూడడమే ఆయనను సత్యానికి చేర్చింది. ఆ సంవత్సరాలలో సూర్యుడి క్రియాశీలత అత్యల్పంగా ఉండడం కూడా ఆయనకు కలిసివచ్చింది. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న కాలమైతే భూమిపైన ఉన్న ఐనో ఆవరణం పగటివేళ ఆ తరంగాలను చాలావరకు అడ్డుకొనేది.

1933 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సమావేశంలో ఆయన తన ఫలితాలను వెల్లడించాడు. వ్యాసానికి పెట్టిన శీర్షిక అతి సాధారణమైనది. వినడానికి వచ్చినవారు కొద్దిమందే. అయితే బెల్ సంస్థ ఈ విషయాన్ని పత్రికలకు తెలియజేయగా, ఆ ఏడాది మే 5న న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక దానిని మొదటిపుటలో ప్రచురించింది. మే 15న ఒక రేడియో కార్యక్రమంలో హోమ్‌డెల్ నుండి ఆ రొదను ప్రత్యక్షంగా వినిపించారు. వేల సంవత్సరాల క్రితం పాలపుంత నడిబొడ్డు నుండి బయలుదేరిన తరంగాల సవ్వడిని సామాన్య శ్రోతలు ఇంట్లో కూర్చొని ఆలకించారు. 1935లో ప్రకటించిన మరొక వ్యాసంలో, ఈ తరంగాలు ఒక్క బిందువు నుండి కాక పాలపుంత అంతటి నుండి వస్తున్నాయని, కేంద్రం వైపు అధికంగా ఉన్నాయని ఆయన వివరించాడు.

ఇంత గొప్ప విషయం బయటపడినా దానిని ముందుకు తీసుకుపోయేవారు లేకపోయారు. ఖగోళశాస్త్రజ్ఞులకు అద్దాల దూరదర్శినులు తెలుసు గాని రేడియో రిసీవర్లు తెలియవు. రేడియో ఇంజనీర్లకు నక్షత్రాలతో పని లేదు. అది ఆర్థికమాంద్యపు కాలం. బెల్ సంస్థ కోరిన సమాధానం లభించింది. ఆ రొద టెలిఫోను సంభాషణకు పెద్ద ఆటంకం కాదని తేలిన తరువాత సంస్థకు దానిపై ఆసక్తి సన్నగిల్లింది. జాన్‌స్కీకి ఇతర పనులు అప్పగించారు. తల్లిదండ్రులకు రాసిన లేఖలలో ఆయన తన నక్షత్ర పరిశోధన కొనసాగించాలనే కోరికను, అది తీరని వెలితిని తెలుపుకున్నాడు. అయితే తనను ఆ పరిశోధనకు అనుమతించమని జాన్‌స్కీ ఎన్నడూ కోరలేదని ఫ్రీస్ తరువాతి కాలంలో పేర్కొన్నాడు. పైఅధికారిని గట్టిగా అడగలేని సౌమ్య స్వభావం, ఉద్యోగాలు అరుదైన రోజులలో వ్యాధిగ్రస్తుడికి ఉండే జంకు, 1929లో వివాహమై ఇద్దరు బిడ్డల తండ్రి అయిన గృహస్థు బాధ్యత - వీటిని తలచుకుంటే ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధాలుగా తోచవు. మనసులో ఉన్న కోరిక అంతా నోటివరకు రాకపోవచ్చు.

అయినా ఆయన కృషి ఆగలేదు. 1936లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టం పొందాడు. 1937లో ప్రకటించిన వ్యాసంలో హ్రస్వ తరంగ రిసీవర్ల నిర్మాణానికి ముఖ్యమైన ఒక విషయం తెలిపాడు. ఆ పౌనఃపున్యాల వద్ద ఇతర అలజడులు లేనప్పుడు రిసీవరు వినగల అతి బలహీన సంకేతానికి హద్దు గీసేది ఆకాశపు రొదే. రిసీవరు సొంత రొదను అంతకు మించి తగ్గించినా ప్రయోజనం స్వల్పం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రు జలాంతర్గాముల రేడియో సంకేతాల దిక్కును కనుగొనే పరికరాల రూపకల్పనలో పాల్గొని ప్రభుత్వ ప్రశంస పొందాడు. కాని వ్యాధి ముదిరింది. 1950 ఫిబ్రవరి 14న న్యూజెర్సీలోని రెడ్‌బ్యాంక్‌లో ఆయన కన్నుమూశాడు. మరుసటి సంవత్సరమే పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలను అమెరికా శాస్త్రజ్ఞులు గుర్తించారు. తాను తెరిచిన ద్వారం గుండా లోకం లోపలికి నడవడాన్ని చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

జాన్‌స్కీ నాటిన విత్తనాన్ని మొదట నీరుపోసి కాపాడినవాడు గ్రోట్ రీబర్ అనే మరో రేడియో ఇంజనీరు. జాన్‌స్కీ వ్యాసాలు చదివి ఉత్తేజితుడై, 1937లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్‌లో తన ఇంటి పెరటిలో, సొంత ఖర్చుతో, తొమ్మిదిన్నర మీటర్ల వ్యాసం గల పళ్ళెపు యాంటెన్నాను నిర్మించాడు. మొదట రెండు పౌనఃపున్యాల వద్ద ఏమీ వినిపించకపోయినా, మూడవ ప్రయత్నంలో 160 మెగాహెర్ట్జ్ వద్ద పాలపుంత రొదను విని జాన్‌స్కీ మాట నిజమని ధ్రువపరిచాడు. ఒకే పౌనఃపున్యం వద్ద వినే పరికరం చాలదని రీబర్ అనుభవం తెలిపింది. నేటి రేడియో దూరదర్శినులకు విశాలమైన పౌనఃపున్య శ్రేణిని ఒకేసారి స్వీకరించే రిసీవర్లు అమర్చుతున్నారు. సంభాషణ వినేవాడికి రొద శత్రువు. నక్షత్రాలను వినేవాడికి ఆ రొదే సంకేతం. కనుక ఎంత విశాలమైన శ్రేణిని స్వీకరిస్తే అంత కచ్చితంగా కొలవవచ్చు. శ్రేణిని నాలుగు రెట్లు పెంచితే కొలతలోని అనిశ్చితి సగానికి తగ్గుతుంది.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, ఒక్కొక్కటి 25 మీటర్ల వ్యాసం గల 27 యాంటెన్నాలు ఒకే శ్రేణిగా పనిచేసే మహా దూరదర్శిని ఉంది. దానికి 1 నుండి 50 గిగాహెర్ట్జ్ వరకు ఎడతెగకుండా వినగల కొత్త రిసీవర్లు అమర్చి, 2012లో జాన్‌స్కీ పేరు పెట్టారు. మన దేశంలో పుణె సమీపంలోని ఖొడద్ వద్ద 45 మీటర్ల యాంటెన్నాలు 30 ఇదే విధంగా ఒక్కటై పనిచేస్తున్నాయి. హిందూపురానికి చేరువలో, కర్ణాటకలోని గౌరీబిదనూరు వద్ద 34.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఆకాశాన్ని ఆలకించడానికి వేయి యాంటెన్నాలతో నిర్మించిన శ్రేణి, జాన్‌స్కీ రంగులరాట్నానికి తరంగదైర్ఘ్యంలో దగ్గరి చుట్టమే. ఆకాశం నుండి వచ్చే రేడియో ప్రవాహాన్ని కొలిచే ప్రమాణానికి 1973లో అంతర్జాతీయ ఖగోళ సంఘం జాన్‌స్కీ అని నామకరణం చేసింది. ఒకటి పక్కన ఇరవై ఆరు సున్నాలు చేర్చిన సంఖ్యతో ఒక వాట్‌ను భాగిస్తే వచ్చే శక్తి, చదరపు మీటరుకు ఒక హెర్ట్జ్ వంతున చేరితే అది ఒక జాన్‌స్కీ. చంద్రుడిపై ఒక బిలానికి కూడా ఆయన పేరే ఉంది.

హోమ్‌డెల్‌లో రంగులరాట్నం నిలిచిన చోట 1998లో ఒక స్మారకాన్ని ప్రతిష్ఠించారు. పెద్ద పదవులు గాని, గొప్ప బహుమతులు గాని ఆయనకు దక్కలేదు. అయితే నక్షత్రాలను ఆలకించే శాస్త్రజ్ఞులు తమ కొలతలను పలికినప్పుడల్లా తెలియకుండానే ఆయనను స్మరిస్తున్నారు. అప్పగించిన పనిని శ్రద్ధగా చేయడం ఉద్యోగధర్మం. ఆ పనిలో అనుకోకుండా ఎదురైన సత్యాన్ని, ఎవరూ అడగకపోయినా, ఏడాది పాటు వదలక వెంటాడడం శాస్త్రధర్మం. ఈ రెండు ధర్మాలనూ ఒకే జీవితంలో నెరవేర్చినవాడు కార్ల్ జాన్‌స్కీ.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జాన్‌స్కీ తాను గుర్తించిన మూడవ రకం రొద మూలాన్ని ఏ క్రమంలో కనుగొన్నాడో వివరించండి.
2. జాన్‌స్కీ పరిశోధన ఆయన జీవితకాలంలో ముందుకు సాగకపోవడానికి గల కారణాలను విశ్లేషించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. జాన్‌స్కీ యాంటెన్నా దిక్కును ఎలా గుర్తించేది?
2. తొలి పరిశీలనలలో రొదకు మూలం సూర్యుడని ఎందుకు తోచింది?
3. నేటి రేడియో దూరదర్శినులకు విశాలమైన పౌనఃపున్య శ్రేణి గల రిసీవర్లు ఎందుకు అవసరం?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జాన్‌స్కీ యాంటెన్నాకు తోటి ఉద్యోగులు పెట్టిన ముద్దుపేరు ఏమిటి?
2. నక్షత్రదినం ఎంతసేపు ఉంటుంది?
3. జాన్‌స్కీ పరిశోధనను మొదట ధ్రువపరిచినవారు ఎవరు?

ఈ) క్రింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
విద్యాభ్యాసం, సూర్యోదయం, అత్యల్పం, జీవితాంతం